కాటా గదిలో చదివినవి

లారీకీ లారీకీ మధ్య చదువుతాను,
గుంటూరు మిర్చి యార్డు కాటా గదిలో.

అందరూ మెచ్చిన ఆ లావు నవల,
నూట పన్నెండో పేజీలో ఏడ్చిన మాట నిజమే.
అప్పుడే బయట తేజా బస్తా పిగిలింది.
రచయిత ఖాతాలో ఆ కన్నీళ్లు రాయలేను.

హత్యల పుస్తకంలో హంతకుణ్ణి
టీ చల్లారేలోపే పట్టేశాను.
అయినా చివరిదాకా చదివాను,
డబ్బులిచ్చి కొన్నాను మరి.

ప్రేమకథలో హీరో మాటలన్నీ తాలు.
బస్తా నిండుతుంది, ఘాటుండదు.

మస్తాన్‌బీ ఇచ్చింది అట్టలేని పుస్తకం.
పేరు తెలీదు, మొదటి పేజీలు లేవు.
అందులో ఒక ముసలామె బస్సు దిగి
చిల్లర కోసం నిలబడుతుంది, అంతే.

హారన్ కొట్టీ కొట్టీ
డ్రైవరే లోపలికొచ్చాడు.
"ఏందమ్మా, కాటా ఎయ్యవా?"

ఆమెకి చిల్లర వచ్చిందో లేదో
ఇంకా చూడలేదు.