పెన్సిల్ అంకె

కొత్తవాడల రాజమొగిలి సేటు
ఉగాది తెల్లారి షెడ్డుకొచ్చి
ఈ సాలు ఎన్ని జంపఖానాలు అమ్ముతమో చెప్తడు.
నేను పెన్సిల్‌తోని రాస్త.
సిరాతోని రాసేది మార్చి ఆఖరుకు.

పన్నెండేండ్ల పుస్తకాలు నా దగ్గరనే ఉన్నయి.
పెన్సిల్ అంకెను సిరా
ఒక్కసారన్న అందుకోలె.
నాలుగు వేలంటే రెండు వేల ఆరునూర్లు.
ఆరు వేలన్న సాలైతే
రెండు కొత్త మగ్గాలు, బ్యాంకు నోటీసు,
గోడౌన్ల ఎలుకలు కాపురమున్న ఎర్రంచు సరుకు.

"జర తక్కువ చెప్పు సేటూ" అన్న ఒకసారి.
విన్నడు.
పదిహేను వందలే అన్నడు, మెల్లగ.
నూలు కొలిచి తెచ్చిండు.
హన్మకొండ హోటలాయన ఐదు వందలడిగితే
మనతోని కాదని పంపిండు.
పదమూడు వందల కాడ ఆగింది సిరా.
పెన్సిల్‌కు అంత దగ్గరగ ఎన్నడు రాలె.
సగం మగ్గాలు గోనెసంచులు కప్పుకొని పన్నయి.
నేనే చెప్పిన గద,
ఎవలనంటం?

మొన్న ఉగాదికి
గల్లాపెట్టె మీద చెయ్యి కొట్టి
"ఐదు వేలు రాయి" అన్నడు.
రంగులద్దే ఉప్పలమ్మ కిసుక్కున నవ్వి
పొయి ముట్టిచ్చింది.
నా జీతం గూడ పెంచుతనన్నడు.

పెన్సిల్ చెక్కుతున్న.