విప్పుకూలి

కంటోన్మెంటులో మా కొట్టుకి బోర్డు లేదు.
గుమ్మం మేకుకి వేలాడే ఖాకీ చెయ్యే గుర్తు.

ముత్తాత చిట్టా ఇంకా ఉంది,
చెదలు అంచులు మాత్రమే తిన్నాయి:
నాయక్‌కి రెండు పట్టీలు, కుట్టుకూలి అణా.
హవల్దారుకి మూడు, అణాన్నర.
కింద వేరే సిరాతో
విప్పుకూలి, అర్ధణా.

విజయనగరంలో మిగతా పిల్లలు ఎక్కాలు నేర్చేవేళ
మాకు పట్టీల కథ చెప్పేవారు.
ముందు తెల్ల సిపాయికి భుజం మీద తాడుముడి ఉండేదట.
తుపాకి పొగలో ముడి ఎవడిక్కనపడుద్ది?
అందుకని గీతల్ని చేతి మీదికి దించారు,
గద్ద వాలినట్టు, ముక్కు కిందికి.
అదే గీత ముక్కు పైకెత్తి మణికట్టు వైపు కుడితే
హోదా కాదు, బుద్ధిగా ఉన్నాడని మెప్పు.
దొర భుజం మీది చుక్క ఆకాశంలోది కాదు,
వాళ్ళ రాజిచ్చే ఏదో బిరుదు తాలూకుది,
నడుమ గోరంత కిరీటాలు మూడు.
అది కుట్టేటప్పుడు ముత్తాత
నోట్లో సూది పెట్టుకునేవాడు కాదట.
భక్తి కాదు. ఉమ్మి పడితే జరిమానా.

తర్వాత కిరీటం పోయింది, సింహాలొచ్చాయి.
పట్టీల ముక్కు మాత్రం అటే.

మొన్న మంగళవారం గజపతినగరం నుంచి
చింతాడ అప్పలసూరి అని ఒకతను
బస్సులో ఒళ్ళో పెట్టుకొచ్చాడు చొక్కాని.
"మా తాత హవల్దారండి, బర్మాలో.
పట్టీలెక్కడో రాలిపోనాయి.
ఫ్రేము కట్టించాల, మూడూ కుట్టియ్యండి."

చేతిని వెలుతురుకి పట్టాను.
చొక్కా అంతా ఎండుగడ్డి రంగు.
మూడు గీతల చోట మాత్రం ఖాకీ పచ్చిగా ఉంది,
నిన్ననే అద్దినట్టు.

రాలిన పట్టీ పీచు వదులుద్ది,
ఏడాదికో కుట్టు తెగుద్ది.
ఇది అలా కాదు.
పై కొస నుంచి కింది కొసకి ఒకే కోత,
రెండు మూడు చోట్ల బట్టలోకి దిగింది కత్తి.
దర్జీ చెయ్యి కాదిది,
మేం విప్పితే చిల్లుకి కూడా నొప్పి తెలీదు.

ఎవర్నో కాల్చమంటే కాల్చలేదా?
తాగి పహారాలో నిద్రపోయాడా?
బట్ట చెప్పదు.
కత్తి ఏ వైపు నుంచొచ్చిందో అంతే దానికి తెలుసు.

బెంచీ మీద అప్పలసూరి ఫోనులో
ఫ్రేము కొలతలు చూసుకుంటున్నాడు.

మిషను ముట్టలేదు. చేత్తో కుట్టాను.
సూదికి పాత చిల్లులు దొరికాయి,
సాయంత్రం పశువులా తనే నడిచింది.
కోతలన్నీ పట్టీ కిందికి పోయాయి.
ఒకటి పోలేదు. వేలి గణుపంత బయటే ఉంది.

"ఇదేటండీ?"
"పాత బట్ట కదా."

నలభై తీసుకున్నాను.

అతను బస్సెక్కాక చిట్టా దించాను.
విప్పుల పద్దుకి పేర్లుండవు, తేదీలే.
ఒక రోజున పదకొండు విప్పులు,
కుట్టు ఒక్కటీ లేదు.
మిగతా అన్ని పద్దులకీ పక్కన
కూలి ముట్టినట్టు అడ్డగీత ఉంది.
ఆ పదకొండుకీ లేదు.