మూత తీయని రీలు

జుమేరాత్ బజార్ల కొన్న దీన్ని.
తాళంచెవుల కుప్ప, మూతల్లేని మిక్సీ జార్లు, ఎవరిదో పళ్లసెట్టు,
వాటి నడుమ బోర్ల పడి ఉండె.
మూడొందలన్నోడు నూటఎనభైకి దిగిండు.
"ఇది బొమ్మ మేడమ్, దీంట్ల బొమ్మలు దిగయి"
అని ముందే చెప్పిండు, పాపం, నిజాయితీగ.

ఇంటికొచ్చి తూకమేస్తే రెండు ఉల్లిగడ్డలంత లేదు.
ఒళ్లు ప్లాస్టిక్కు, కన్ను గూడ ప్లాస్టిక్కే.
నెత్తి మీద రెండే గుర్తులు: ఎండ, మబ్బు.
అటు జరిపినా ఇటు జరిపినా
లోపల ఏం మారదని చాన్నాళ్లకు తెలిసింది.
అయినా జరుపుత.
మబ్బు పట్టిన రోజు మబ్బుకు మర్యాద ఇయ్యాలె గద.

మింట్ కాంపౌండ్ల నా నౌకరీ.
ఇరవై రెండేండ్ల సంది కరెంటు మీటర్ల లెక్కలు.
ఒక్క అంకె తప్పితే ఎవరింట్లనో చీకటి.
అందుకేనేమో
తప్పు చేసుడే పనిగ పెట్టుకున్న వస్తువు
మెడల ఏలాడుతుంటే ఇంత హాయి.

సందుల్లకెల్లి ఎండ దూరుతదని
నల్ల టేపు చుట్టిన, ఆఫీసుదే.
అయినా దూరుతది.
పోయినేడు నయాపూల్ మీద దానిమ్మలు ఒలిచే ముసలాయనను తీస్తె
ఆయన భుజం మీద నారింజ రంగు తువ్వాలొకటి పడ్డది.
ఆయనకు తువ్వాలే లేదు ఆ రోజు.

వెనుక గోరంత ఎర్ర కిటికీ.
చక్రం తిప్పుతుంటే అండ్లకెల్లి అంకె
బాయిల తాబేలు లెక్క మెల్లగ తేలుతది.
పన్నెండు తేలినంక ఇంకేం లేదు.
పన్నెండే అన్నంక చెయ్యికి బుద్ధొస్తది:
మొజంజాహి మార్కెట్ కాడ గడియారం కింద
గంటసేపు నిలబడి
ఒక్కటి గూడ తీయకుంట మళ్లిన దినాలున్నయి.
అవి గూడ మంచి దినాలే.

ధూల్‌పేటల పతంగులోని పిల్లగాడు
"చూపియ్యి ఆంటీ" అని మీదికొచ్చిండు.
వెనుకకు తిప్పి చూపిచ్చిన. ఎర్ర కిటికీల ఏడు.
"నేను ఏడా?"
అవురా, నువ్వు ఏడు.
ఆ సందుల వానికి ఇప్పుడదే పేరు.

తిప్పుడు మర్చిపోతే బొమ్మ మీద బొమ్మ కూసుంటది.
మా అటెండర్ ఎల్లుబాయి మొహంల
అఫ్జల్‌గంజ్ బస్టాండ్ దిగింది ఒకసారి.
బొట్టు కాడికెల్లి బస్సు, చెంప మీద కండక్టరు.
ఎల్లుబాయి శానసేపు చూసింది.
"నా లోపల ఇంతమంది తిరుగుతున్నరని
నాకెప్పటికెల్లో అనుమానమే" అన్నది.
బీరువా తలుపుకు అంటుపెట్టుకున్నది.

సుల్తాన్ బజార్ మెట్ల కింద ఖుద్దూస్ భాయ్ రీళ్లు కడుగుతడు.
అయిదు పోగైతెనే మందు కలుపుతడు.
నెలకు అయిదు ఎక్కడియి ఇప్పుడు?
ఎదురుచూస్త.
బియ్యం నానవెట్టి మర్చిపోయినట్టు
నా శ్రావణమంత ఆయన డబ్బల నానుతుంటది.

ఈసారి డబ్బ తెరిచి రీలు పైకి గుంజిండు.
గుంజి, ట్యూబులైటుకు పట్టి, ఏం మాట్లాడలే.
నేను చూసే కంత వేరు, అది చూసే కన్ను వేరు.
నెలంత మూత తీయనే లేదు నేను.
నల్లగ ఉంటదనుకున్న. నల్లగ లేదు.
ఏం చూడని రీలు
వానసుక్క లెక్క తెల్లగ, ఆరపార.
దాంట్లకెల్లి ఖుద్దూస్ భాయ్ వేళ్లు కనవడ్డయి,
మందు తాగి తాగి గోధుమరంగుకు మారిన వేళ్లు.
"సాఫ్ హై, బీబీ."
కడిగిన పైసలు వద్దన్నడు. జేబుల వెట్టొచ్చిన.

బస్సుల కూసొని లెక్కవెట్టుకుంటె పన్నెండూ యాదికొచ్చినయి.
కార్వాన్ల స్కూటర్ మీద మేక, దాని చెవుల మీద ఎండ.
శాలిబండల మంగలి షాపు, గడ్డం నురుగుతోనే
ఫోన్ల కొట్లాడుతున్న పెద్దమనిషి.
వాన. వాన ఆగినంక వాన.
తీసిన మిగతా రీళ్లల్ల ఏమున్నదో చూస్తె గాని చెప్పలేను,
ఇండ్లది మాత్రం చీకట్ల గూడ చెప్త.

వంటింటి కిటికీకి కట్టిన దాన్ని. పొద్దున టీ పొంగేటప్పుడు
గోడ మీద పన్నెండు గళ్లేం పడయి,
సన్నటి తెల్లగీత ఒకటి ఊగుతది.

గురువారం మళ్ల జుమేరాత్ బజార్ పోయిన, మూత పట్టుకొని.
"దేని మూత ఇది?" అన్నడు, అటు ఇటు తిప్పి.
చెప్పలే.
అయిదు రూపాయలిచ్చిండు.