పక్క సీట్లో దుంగ

ఫారం అడుగుతుంది:
ఘటన సమయంలో వాహనం వేగం?
నిలిపి ఉంది, అని రాశాను.
నడుపుతున్నది ఎవరు?
ఎవరూ కాదు.
గాయపడినవారు?
ఆ గడి దగ్గర పెన్ను కాసేపు ఆగింది.

హాంకాక్‌లో మా వీధి నిచ్చెన వేసినట్టుంటుంది.
జనవరి పొద్దు, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
ఇంటి ముందు బండి ఆపి, గేరు పార్కులో పెట్టి
పాలడబ్బా చంకన పెట్టుకుని తలుపేశాను.
నాలుగడుగులు వేశానో లేదో
వెనక మంచు కరకరమంది.
తాళంచెవి నా జేబులోనే ఉంది.
బండి వాలులో వెళ్ళిపోతోంది.
పరిగెత్తి అందుకుని అద్దంలోంచి చూస్తే
పార్కు గుర్తు పచ్చగా వెలుగుతూనే ఉంది,
నిద్రలో నడిచేవాడు
మంచం మీదే ఉన్నానని ఒట్టేసినట్టు.

లాంపి వాళ్ళ తపాలా పెట్టెని గుద్ది ఆగింది.
అయిదు నిమిషాల ముందు ఆ పెట్టె పక్కన
వాళ్ళ చిన్నది స్కూలు బస్సు కోసం
చేతులు ఊదుకుంటూ నిలబడి ఉంది.
ఆ అయిదు నిమిషాలు రాయడానికి
ఫారంలో చోటు లేదు.
ఆస్తి నష్టం: తపాలా పెట్టె, ఒకటి.

షోరూము వాళ్ళు మూడు రోజులు ఉంచుకున్నారు.
"మా దగ్గర ఒక్కసారీ అలా చెయ్యలేదండీ,"
అన్నాడు కౌంటర్లో డర్క్,
డాక్టరు గది గుమ్మం దాటగానే
జ్వరం దిగిపోయిన పిల్ల తల్లిని చూసినట్టు
నన్ను చూస్తూ.
ఏమీ దొరకలేదని చెప్పినందుకు
నూట నలభై డాలర్లు.

రెండోసారి వెళ్ళినప్పుడు
వెయిటింగ్ గదిలో కాఫీ మరిగి మరిగి తారయింది.
టీవీలో అదే బండి, అదే రంగు,
వెనక సీట్లో నవ్వే పిల్లలతో కొండలెక్కుతోంది.
మార్లిస్ అనే ఆవిడది ఇంకో బాధ:
ఎడమకి తిప్పితే ఇంజన్ ఆరిపోతుంది,
కుడికైతే పువ్వులా పోతుంది.
"లైబ్రరీకి మూడు కుడి మలుపులు తిరిగి వెళ్తున్నా.
ఊరిలో ఇన్ని వీధులున్నాయని ఇప్పుడే తెలిసింది."
నవ్వాం.
నవ్వాక ఎవరం ఏమీ అనలేదు.

మూలన కూచున్న ముసలాయన, వైనో హార్జు,
"నాదీ జారుతుంది" అన్నాడు.
ఎన్నిసార్లని అడిగితే వేళ్ళు చూపించాడు.
ఒక చేతికి మూడే ఉన్నాయి, కలప మిల్లు తిన్నది పోగా.
అన్నీ చూపించాడు.

బయటికి తీసుకెళ్ళి తన బండి తలుపు తీశాడు.
పక్క సీట్లో బర్చ్ దుంగ,
తెల్ల బెరడు, నడుం చుట్టూ బెల్టు.
"పెట్టకపోతే గంట ఆపదు.
మనిషి కూచున్నాడని దాని లెక్క."
దుంగలో మనిషిని పోల్చుకున్న బండికి
తను కదులుతున్న సంగతి తెలీదు.
బండి ఎక్కడ ఆపినా
ముందు దుంగకి బెల్టు విప్పుతాడు,
తర్వాత తనకి.
పల్లం వైపు చక్రం కింద దాన్ని బూటుతో తన్ని
"కట్టెకి కంప్యూటర్ లేదు," అన్నాడు. అంతే.

మార్చిలో కంపెనీ ఉత్తరం వచ్చింది.
మా భద్రతే వాళ్ళకి ప్రాణమట.
విడిభాగాలు రాగానే కబురు చేస్తారట.
అంతవరకూ చదునైన చోట నిలపమన్నారు.
హాంకాక్‌లో చదునైన చోటు!
కాలువ ఒక్కటే ఉంది,
అదీ గడ్డకట్టి ఉన్నన్నాళ్ళు.

ఇప్పుడు కిరాణా కొట్టు ముందు
బండ్లు వెళ్ళిపోయాక
ఒకటో రెండో దుంగలు మిగిలిపోయి ఉంటాయి,
వాటి మీద మంచు కురుస్తుంటుంది.
మర్చిపోయినవాళ్ళు మళ్ళీ వచ్చి వెతుక్కుంటారు.
ఎవరి దుంగ వాళ్ళకి తెలుసు.

నాది మేపుల్ కట్టె.
లాంపి వాళ్ళ చిన్నది దానికి
మార్కరుతో కళ్ళు గీసింది,
ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.
నోరు గీయబోతుంటే బస్సొచ్చింది.

మళ్ళీ జారింది. మళ్ళీ ఫారం.
వాహనంలో మామూలుగా ప్రయాణించేవారు ఎందరు?
ఒకరు, అని రాసి
కొట్టేసి
ఇద్దరు అని రాశాను.