ఏం వరస

సూర్యాబాగ్ కోర్టు గోడకి ఆనించి
ఇరవై ఆరేళ్ళుగా నా టైపు మిషను.
'మ' అక్షరం అరిగిపోయింది,
మనవి, మనవి అని కొట్టీ కొట్టీ.

కేజీహెచ్ డౌన్ దిగి తిన్నగా నా దగ్గరికే వచ్చింది
గరికిన పోలమ్మ.
రొయ్యల వాసనేసే సంచిలో మొగుడి రక్తం రిపోర్టులు.
"హార్బర్లో ఐసు మర కాడ కూలి బావూ.
వారానికి రెండుసార్లు రత్తం కడగాలట.
మిషన్లు పాడైపోనాయి, ఒకటే తిరుగుతోంది.
వాయిదా ఏసినారు."

వాయిదా.
ఆ మాట మా గోడకి ఇవతలదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
పైన కూడా అదే అంటున్నారన్నమాట,
తెల్లకోటేసుకుని.

శాశ్వత లోక్ అదాలత్‌కి అర్జీ. ఫీజు లేదన్నాను, నమ్మలేదు.
'శాశ్వత' అని నేను కొడుతుంటే
ఆవిడ కాగితం కేసి కాదు,
నా చేతి గడియారం కేసి చూస్తోంది.

దానయ్య పేరు పడగానే ఆగమంది.
"మావోడి పేరొక్కటే ఏత్తే,
రేపు ఆర్డరొచ్చి మావోణ్ణే ముందెక్కించేత్తే,
ముందున్నోల్ల ఉసురు నాకు తగల్దా?
అందర్నీ ఎయ్యి."

పదిహేడు పేర్లు. చీటీ చూడకుండా, నోటి వెంట.
మర్రిపాలెం ఆటో కుర్రాడు.
కంచరపాలెం టీచరమ్మ.
అనంతగిరి నించి దిగొచ్చి
వరండాలోనే గంజి కాచుకుంటున్న కొర్రా బుద్రు.

అదాలత్ కూడా ఓసారి వాయిదా వేసింది.
పధ్నాలుగు రోజులు.

రెండోసారి సూపరింటెండెంటు వచ్చారు.
టెండరు, విడిభాగం, రాని బిల్లు. అన్నీ నిజాలే.
బెంచి మీద పెద్దాయన కళ్ళజోడు తీసి
"ఈ పదిహేడుగురూ నీకేం వరసమ్మా?" అన్నారు.
"ఏం వరసేటి బావూ,
ఒకే వరసలో ఉన్నాం."

కాసేపు ఫ్యాను చప్పుడొక్కటే.

పది రోజుల్లో మిషన్లు బాగవ్వాలి,
అందాకా బయటి ఆస్పత్రిలో, సర్కారు ఖర్చుతో.
కాగితం మీద 'రాజీ' అని రాశారు.
ఎవరితో ఎవరు రాజీ పడ్డారో నాకిప్పటికీ అంతుబట్టదు.

డబ్బులొద్దన్నానని
మిషను మీద ఎండు నెత్తళ్ళ పొట్లం పెట్టి,
సీలు తడారని కాపీ నా ముందు పరిచింది.
"పేర్లు సదువు బావూ."

చదివాను.
టీచరమ్మ దగ్గర ఆగాను.
మొన్న మంగళవారమే కబురొచ్చింది.

"ఆపకు" అంది.