మూడు మిల్లీగ్రాములు

మా జిల్లాకు సముద్రం లేదు.
సాగర్ ఉంది.
వైజాగ్ కాలనీల పాతోళ్లు మాత్రం
దాన్ని ఇప్పటికీ ఏరు అనే అంటరు.
సముద్రం చూసొచ్చినోళ్లు గదా,
ఆ పేరు ఊకెనే ఇచ్చెయ్యరు.

పోలిరాజు తాత పడవల
రెండు గొట్టాలకు ఒకటే తాడు, ఒక ఐసు డబ్బా, నేను.
పోయిన సోమవారం దించినయ్, ఇయ్యాల లాగాలె.
ఒకటి ఐదు మీటర్ల కాడ,
ఇంకోటి నలభై మీటర్ల కాడ,
వారం దినాలు నోరు తెరుచుకొని
పైనుంచి ఏం రాలుతదా అని నిలబడ్డయ్.

పై గొట్టంల పచ్చటి జావ,
పుంటికూర ఉడకబెట్టి మెదిపినట్టు.
మొన్నటిదాకా ఎండ తిని బతికినయ్ ఇవన్నీ,
గాజు పెట్టెల్ల కాపురం చేసినయ్.
ఒక్కటైతే కంటికి ఆనదు,
కోటి కలిస్తే నీళ్లకు రంగు.

చచ్చినంక ఒంటరిగ మునగవు.
ఒంట్లకెల్లి ఒక జిగురు వదుల్తయ్,
బెండకాయ కోస్తే సాగుతది చూడు, అసొంటిది.
దాంతోటి ఒకదాన్నొకటి పట్టుకొని
దుమ్మును, రెక్క ముక్కను, ఎవరో విడిచిన పెంకును
దొరికినకాడికి చుట్టుకొని
పింజలు పింజలుగ
దిగుడు మొదలువెడ్తయ్.

తొవ్వల ఊకుంటరా?
నీటి ఈగలు మింగుతయ్,
మింగి మేకల లెక్క పెంటికలేస్తయ్.
చెప్పుకోను సిగ్గేం లేదు,
పింజ కంటే పెంటికే తొందరగ అడుక్కు పోతది.
బ్యాక్టీరియాలేమో పింజ మీదనే గుడిసెలేసుకొని
దిగుతుండంగనే ఆ ఇల్లును తింటయ్.
ముందుగాల మెత్తంది పోతది,
నైట్రోజన్ పోతది, అంటే రుచి పోతది,
కొరకరానిది మిగుల్తది.

మా దాది పాడిన గోర్‌బోలి పాటలు
మా యాడికి సగం వచ్చు.
నాకు మొదటి మాటలొచ్చు,
అవి గూడ అర్థం తెల్వకుండ.
నోట్‌బుక్కుల దీనికి గడి లేదు.

కింది గొట్టం వచ్చింది.
నీళ్లు తేటగనే ఉన్నయ్,
అడుగున గోధుమరంగు మరక.
"ఇంతేనేటి?" అన్నడు తాత,
వల ఖాళీగ వచ్చినప్పుడు చూసే చూపుతోటి.

నల్గొండల ల్యాబుకు పోయి
గాజునూలు కాయితం మీద వడగట్టి, ఆరబెట్టి, తూచి,
నాలుగు వందల యాభై డిగ్రీల కొలిమిల పెట్టి
మళ్ల తూస్తే
ఎంత తగ్గితే అంత ప్రాణం.
మిగిలింది గాజు.
మైక్రోస్కోపు కింద పెడితే పడవలు,
సన్న సన్న గీతల ఖాళీ పడవలు.
ఒక్కదాంట్ల మనిషి లేడు.

తర్వాతి సోమవారం తాతకు చెప్పిన:
పైన నూట ఎనభై మిల్లీగ్రాములు, కింద మూడు.
చుట్ట పడవ అంచుకు రాసి ఆర్పిండు.
"మా కాడ రాత్రేల వల లాగితే
నీళ్లు నీలంగా మండేవి సుగుణమ్మా,
సేతికి అంటుకుపోయీది ఎలుగు.
మరదీ ఇలగే రాలిపోద్దా?"
రాలుతది తాతా,
అక్కడైతే నాలుగు వేల మీటర్లు రాలాలె.
నాలుగు వేలు విని
చాలాసేపు తెడ్డు వెయ్యలేదు.

"కింద ఎవులైనా ఉన్నారేటి,
ఆ మూడూ తినీవోళ్లు?"
ఉన్నరు. దారప్పోగులంత ఎర్ర పురుగులు.
బురదల తలపెట్టి తోకలూపుకుంట
పై నుంచి ఏదొస్తే అది తింటయ్.

తాత టిఫిన్ డబ్బా మూత తీసిండు.
చేపల పులుసన్నం ముద్ద చేసి
నేను వద్దనే లోపల్నే నీళ్లల్ల వదిలిండు,
సరిగ్గ గొట్టాల పక్కన.
ముద్ద విడింది.
మెతుకు మెతుకు తెల్లగ
రెండు బారల దాక కనవడ్డది,
ఆ తర్వాత పచ్చ మూసుకున్నది.

నోట్‌బుక్కుల రాసిన:
తొమ్మిదో వారం. నమూనా చెడింది.
కారణం: అన్నం.