పదకొండో నిమిషం

పదకొండో నిమిషానికి ఆగిపోతుంది.
నిన్నా అంతే, మొన్నా అంతే.
ముందు మూలుగుతుంది,
తర్వాత గొంతు దిగుతుంది,
ఇక నావల్ల కాదని
ఎర్ర బటన్ టక్కున బయటికొస్తుంది.

పెరంబూరులో, మెట్ల కింద,
స్కూటర్ పెట్టుకోమని ఇంటావిడ ఇచ్చిన చోట
నా రంపపు బల్ల.
స్కూటర్ వీధిలో తడుస్తోంది.
కార్తీక మాసం, మూడు రోజులుగా ముసురు,
వేడికి ఎండ మీద నెపం వేసే వీలు కూడా లేదు.

మోటారు మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాను.
ఒకటి, రెండు, మూ...
మూడు పూర్తికాలేదు.

సెంబియం కుర్రాళ్ళకి శనివారం క్యారమ్ పోటీ.
చట్రం నాలుగు వైపులా నేనే చేస్తానన్నాను,
పగలంతా రిజర్వేషన్ కౌంటర్లో
లేదు, లేదు, లేదు అనే నోటితో
ఒక్కసారి సరే అనాలనిపించి.

ప్లగ్గు పీకాను.
పీకి, బల్ల మీద ఎదురుగా పెట్టుకున్నాను,
దాని మూడు కాళ్ళూ నా కంటికి కనబడుతుండాలి.
పాత రంగుల బ్రష్షుతో మోటారు సందులు కెలికితే
సున్నిపిండిలా రాలింది టేకు పొట్టు,
గుప్పెడు, మరో గుప్పెడు.
ఇన్నాళ్ళూ దీని ముక్కులు మూసి పరుగెత్తమన్నానా!
పదమూడు నిమిషాలు.
రెండు నిమిషాల ఆయుష్షు పోశాను.

మర్నాడు చూస్తే
ఎక్స్‌టెన్షన్ తీగ చుట్ట మీద పిల్లి.
ఎప్పుడో చవితి పందిరికి దీపాలు వేలాడదీయడానికి కొన్న
ముప్పై అడుగుల సన్నతీగ.
దానిమీద ముడుచుకుని, కళ్ళు మూసుకుని,
లోకంలో అంత సుఖం మరెక్కడా లేనట్టు.
చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది.
పిల్లికి వారం కిందటే తెలిసింది.
లావు తీగ, పొట్టి తీగ కొనుక్కొచ్చాను.
పంతొమ్మిది.

ఓటేరి నుంచి ఏళుమలై వచ్చాడు,
మోటార్లకి రాగి చుట్టే ఏళుమలై.
వంగి, పప్పు మాడిందేమోనని చూసే వంటమనిషిలా
వాసన చూశాడు.
"మోటార్‌కి ఒణ్ణుం ఇల్లమ్మా, మూచ్చు ముట్టుదు."
ఏమీ కాలేదట, ఊపిరాడటం లేదట.
బ్లేడు వేలితో తిప్పి, ఎన్ని పళ్ళు అన్నాడు.
అరవై అన్నాను గొప్పగా, ఖరీదు కూడా చెప్పాను.
నోరు తెరిచి తన పళ్ళు చూపించాడు.
పంతొమ్మిదేనట.
వాటితోనే ఆదివారం ఎముకలు నమిలేస్తాడట.
పొడవునా చీల్చడానికి ఇరవై నాలుగు చాలు,
పంటికీ పంటికీ మధ్య
పొట్టు పోయే దారి ఉండాలన్నాడు.
టీ తాగాడు. డబ్బు తీసుకోలేదు.

ఆ ఒక్కటి మాత్రం నేనే కనిపెట్టాను.
చెక్క అంచున గోధుమరంగు మరక,
దోసె అంచులా.
ఆ వాసన బాగుందని అనుకున్నాను కూడా ఇన్నాళ్ళూ.
ఒక పంటికి గోళ్ళరంగు చుక్క పెట్టి
ముందు వైపు కొలిచాను, వెనక్కి తిప్పి కొలిచాను.
పక్కనున్న ఇనపగోడ
వెనక వైపు అర మిల్లీమీటరు దగ్గరికి జరిగి ఉంది.
లోపలికి వెళ్ళే కొద్దీ ఇరుకు.
చెక్క నలుగుతుంటే నేను ఇంకా తోశాను.
క్యూలో వెనకవాడు తోస్తే
ముందువాడి టికెట్ త్వరగా రాదని
రోజుకి నలభైమందికి చెప్పేదాన్ని.

గోడ ఎవరు జరిపారంటే,
దీపావళి ముందు
గ్యాస్ సిలిండర్ దొర్లిస్తూ నేనే గుద్దాను.
అప్పుడు సిలిండర్‌ని తిట్టాను.

శుక్రవారం రాత్రి.
కొత్త బ్లేడు, సరిచేసిన గోడ,
తోయని చేతులు.
నాలుగు కమ్మీలూ చీలాయి, తెల్లగా, మరక లేకుండా.
గడియారం చూడటం మర్చిపోయాను.
మోటారు మీద చెయ్యి పెట్టి
ఇరవై రెండు దాకా లెక్కపెట్టి
విసుగొచ్చి తీసేశాను.

పిల్లి వచ్చింది.
కొత్త తీగ మీద ఒక కాలు పెట్టింది,
ఇంకో కాలు పెట్టి, తీసేసింది.
నావైపు ఒక చూపు చూసి
మెట్లెక్కి పోయింది,
ఇంటావిడ సెట్‌టాప్ బాక్సు మీదికి.